ముందే ఉన్న జబ్బు

సోంపేట. రెండో షిఫ్టు.
పది మెషీన్లు, పది చేతులు, గోడకి ఒక టీవీ.

టీవీలో శాసనసభ.
ఆరోగ్య బీమా బిల్లు మీద మూడో రోజు.
ఇటువాళ్లు అధ్యక్షా అంటారు,
అటువాళ్లు అధ్యక్షా అంటారు,
మధ్యలో ఎవరో కాగితాలు చింపి పైకి విసురుతారు.
అవి నేల మీద పడేలోగా
నాలుగో బెడ్డు మీది తామాడ దుర్యోధన ఒంట్లోంచి
గ్లాసుడు నెత్తురు బయటికొచ్చి
కడుక్కుని మళ్లీ లోపలికి పోతుంది.

సూదులు గుచ్చడం, బరువు రాయడం,
అలారం మోగితే పరిగెత్తడం నా పని.
టీవీ సౌండు కూడా నా పనేనని
మొన్నటినుంచే తెలిసింది.

ఐదో బెడ్డు బెందాళం కూర్మారావుది.
దుర్యోధనది ఆ కండువా, ఇతనిది ఈ కండువా.
ఇద్దరూ కవిటి నుంచి ఒకే ఆటోలో వస్తారు,
డ్రైవరుకి చెరో పక్కా కూర్చుని.

"బీమా కంపెనీకి అప్పజెప్తే
మనిషికి పాతిక లక్షలు కాదేటి?"
"అప్పజెప్పడం కాదురా బావూ, అమ్మడం.
నీ కిడ్నీ ఎలాగూ ఎవడూ కొనడు గదా,
అందుకని నీ జబ్బుని అమ్ముతన్నారు."
"మీవోళ్లు బకాయిలెగ్గొట్టీబట్టే గదా
పెద్దాసుపత్రోళ్లు గేటు మూసీసినారు!"
"మావోళ్లా? ఎవులు? పేరు సెప్పు!"

నాలుగు కూసింది. నూట తొంభై.
ఐదు కూసింది. నూట తొంభై ఆరు.
నేను రిమోటు తీసి సౌండు తగ్గించాను.
మూడేళ్లలో మొదటిసారి
ఇద్దరూ ఒక్క గొంతుతో అన్నారు:
"పెంచండి బావూ!"

పెంచాను.

పద్నాలుగో క్లాజు.
ముందే ఉన్న జబ్బులకి రెండేళ్లు ఆగాలంటుంది అది.
'ఆగాలి' అని ఉండాలా, 'ఆగవచ్చు' అని ఉండాలా అని
నలభై నిమిషాలు.
ఎవరి హయాంలో ఎవరు ఏ మాట రాశారో
పాత పుస్తకాలు తెరిచి చదివారు.
వార్డులో నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

తొమ్మిదో బెడ్డు మీంచి గున్నమ్మ అడిగింది,
కళ్లు తెరవకుండానే:
"ముందే అంటే దేనికి ముందు బావూ?"

దేనికి ముందని చెప్పను?
సంతకానికి ముందా, బిల్లుకి ముందా,
ఈమె మొగుడు ఇదే బెడ్డు మీద పడుకున్న ఏడాదికి ముందా?
మా వైపు సంబంధానికొచ్చినవాళ్లు
పిల్ల ఏం చదివిందని తర్వాత అడుగుతారు,
క్రియాటినిన్ ఎంతని ముందు అడుగుతారు.
ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు,
ఒక్క బొండాం తాగే వీల్లేదు.
జబ్బు ఊళ్లోకొచ్చిందో
ఊరే జబ్బు దగ్గరికెళ్లి ఇళ్లు కట్టుకుందో
నాకు తెలీదమ్మా.

తెలీదని కూడా అనలేదు. గాజుగుడ్డ మార్చాను.

సభ రేపటికి వాయిదా పడింది.
రేపు వీళ్ల వంతు కాదు.
ఓటింగు చూసేది వేరే పదిమంది.
"మరెవులు గెలిసినారో మాకెలాగ తెలుస్తాది?"
అని కూర్మారావు దిగులు.
"నాను ఫోన్ సేస్తాన్లే" అన్నాడు దుర్యోధన,
"మావోళ్లు గెలిస్తేనే."

వాయిదా.
నా ఉద్యోగానికి పేరు అడిగితే
ఆ మాటే చెప్పాలేమో.
మూణ్ణెల్ల జీతం కూడా దాని కిందే ఉంది.

అందరూ కాటా ఎక్కి దిగారు.
రెండు కిలోలు, రెండున్నర, మూడు.
గున్నమ్మ చివర.
పలాసలో ఇరవై రెండేళ్లు జీడిపిక్కలు కొట్టిన చేతులు,
ఆ నూనెకి గీతలన్నీ కాలిపోయి
బొటనవేలు సబ్బుముక్కలా ఉంటుంది.
మెషీన్ మీద పెట్టింది.
మళ్లీ ప్రయత్నించండి, అంది మెషీన్.
కొంగుకి తుడిచి పెట్టింది.
మళ్లీ ప్రయత్నించండి.
ఎడమ చెయ్యి. చూపుడు వేలు.
బయట ఆటో హారన్ కొడుతోంది,
లోపల ఇద్దరు ఏదో అరుచుకుంటున్నారు.
"ఉండండ్రా, వత్తన్నాను" అంటూ
గున్నమ్మ ఉంగరపు వేలు నాలుక మీద తడి చేసుకుంది.